డచ్చి బంగళాలో దొడ్డితలుపు

పాడుబడిన బంగళా ఒకటి బాగుచేసి మ్యూజియం పెడతామంటే దాంతో మనకేం పని అని మన కార్యకర్తలు అడుగుతున్నారు. అడగటంలో తప్పేమీ లేదు. పేటలో శవాన్ని మోసుకుపోవటానికి దారి లేదు. హాస్టలు గదుల్లో పెచ్చులూడి పిల్లల కంచాల్లో పడుతున్నాయి. ఇన్ని పెట్టుకుని తెల్లదొరల కొంప గురించి సభలు, తీర్మానాలు దేనికి? ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా మిగతా మాటలు చెప్పటం పెద్దమనుషుల పని. కాబట్టి ముందు దీంతోనే మొదలుపెడదాం.

శ్రీకాకుళం పట్నంలో డచ్చి బంగళా అని పేరుబడ్డ పాత కట్టడం ఒకటుంది. చాలా ఏళ్ళు ఆలనా పాలనా లేక శిథిలమై పడి ఉంది. ఈ మధ్య సంవత్సరాల్లో వారసత్వ కట్టడాల మీద శ్రద్ధ ఉన్నవాళ్ళు అడగటం వల్ల ప్రభుత్వం కదిలింది. బాగుచెయ్యాలని, లోపల మ్యూజియం పెట్టాలని మాటలూ పనులూ రెండూ నడిచాయి. మంచిదే. కట్టడాన్ని కూలదొయ్యటం కంటే నిలబెట్టటం ఎప్పుడూ మంచిదే. 2020 మే నెలలో విజయనగరంలో మూడు లాంతర్ల స్తంభాన్ని కూలగొట్టినప్పుడు ఎంత గొడవ జరిగిందో అందరికీ గుర్తుంది. అయితే గోడలు నిలబెట్టిన తర్వాత ఆ గోడల మీద ఏం రాస్తారు? ఎవరి పటాలు తగిలిస్తారు? బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చి ఏమని చెప్తారు? ఆ బస్సుల్లో మన పిల్లలుంటారు. అదీ మనకున్న పని.

పైగా ఈ పట్నానికి ఇప్పటికే గతం అంటే ఏమిటో ఒక లెక్క ఉంది. ఊళ్ళోకి వచ్చే యాత్రికుడు ముందు అరసవల్లి పోతాడు. సూర్యదేవుడి గుడి తూర్పు గాంగులనాటిదని, 18వ శతాబ్దిలో తిరిగి కట్టారని, మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దుటి కిరణాలు విగ్రహం పాదాల మీద పడతాయని అక్కడ ఎవర్నడిగినా చెప్తారు. రథసప్తమికి జనం పోటెత్తుతారు. 1939లో ఒకటి, 1947లో ఒకటి మద్రాసు ప్రభుత్వం ఆలయప్రవేశ చట్టాలు చేసేదాకా ఇలాంటి గుళ్ళలో ఆ కిరణాలు చూసే హక్కు ఎవరికి లేదో మాత్రం ఎవరూ చెప్పరు. గుడి వయసు వందల ఏళ్ళలో చెప్పుకుంటారు. అందులో మన ప్రవేశానికి ఇంకా నిండు నూరేళ్ళు లేవు. సూర్యుడికి అంటులేదు గాని ఆయన గుడికి ఉంది. ఈ ఒక్క వాక్యం అక్కడ ఏ బోర్డు మీదా కనపడదు. రేపు డచ్చి బంగళాలోనూ కనపడదనే నా భయం.

అరసవల్లి నుంచి పట్నంలోకి రెండు మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. మరమ్మతులు మొదలుకాక మునుపు ఇద్దరు విద్యార్థులతో కలిసి ఆ దారిన నడుచుకుంటూ పోయి బంగళా చూశాను. సున్నం రాలిపోయి ఇటుకలు బయటపడ్డ గోడలు, సందుల్లోంచి మొలిచిన రావి మొక్కలు, గబ్బిలాల కంపు. పాడుపడ్డ దొరల కట్టడాలు ఎక్కడైనా ఇలాగే ఉంటాయి, బందరు కోటలో అయినా, భీమిలిలో అయినా. మాతో వచ్చిన కుర్రాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. గోడ గీకి చూసి, ఇది సిమెంటు కాదండీ అన్నాడు. కాదు మరి. అది డంగు సున్నం. నత్తగుల్లలు, గవ్వలు కాల్చి, నీళ్ళు కొట్టి, ఇసక కలిపి, ఎద్దుల్ని కట్టిన రాతి గానుగలో రోజుల తరబడి రుబ్బితే వచ్చేది. బెల్లం నీళ్ళు, కరక్కాయ ఊరబెట్టిన నీళ్ళు కలిపేవాళ్ళు. అలాంటి గోడ మీద సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక, ఉప్పు పట్టి ఇటుకే పిండైపోతుంది. కట్టడాలు బాగుచేసే నిపుణులు ఇవాళ ఇది పదేపదే చెప్తున్నారు. గుల్ల ఏరినవాళ్ళు, బట్టీ కాల్చినవాళ్ళు, గానుగ తోలినవాళ్ళు, తట్టలు మోసిన ఆడవాళ్ళు, వీళ్ళకి ఈ సంగతి మూడొందల ఏళ్ళ కిందటే తెలుసు. వాళ్ళది కూలి అనిపించుకుంది, వీళ్ళది శాస్త్రం అనిపించుకుంది. మరమ్మతు పనుల్లో ఆ పనితనం ఇంకా మిగిలున్న కులాల వాళ్ళకి మేస్త్రీల హోదాలో పని, తగిన కూలి ఇవ్వాలని అడగటం మన మొదటి డిమాండు కావాలి. తట్టలు మొయ్యటానికి పిలవటం కాదు నేనంటున్నది.

ఇక్కడ ఆగి ఒక తలుపు గురించి చెప్పాలి. తెల్లదొరల కాలంలో మన దేశంలో కట్టిన బంగళాల నమూనా దాదాపు ఒకటే. ముందు వెడల్పాటి వరండా, నడిమి హాలు, రెండువైపులా పడకగదులు. ప్రతి పడకగదికి ఆనుకుని స్నానాల గది. ఆ స్నానాల గదికి వెనకవైపు, ఇంటి బయటికి తెరుచుకునే చిన్న తలుపు ఒకటి ఉండేది. అది దొర కోసం కాదు. దొరసాని కోసం కాదు. గది లోపలి మలమూత్రాల కుండ తియ్యటానికి వచ్చే మనిషి కోసం. ఆ మనిషి ఇల్లు దాటి రాకూడదు, హాలులో కనపడకూడదు, వాసన లేకుండా నీడ లేకుండా వచ్చిపోవాలి. ఊరికి వెలివాడ ఎలాగో బంగళాకి ఈ దొడ్డితలుపు అలాగ. దొరలకి మన కులవ్యవస్థ అర్థం కాలేదని కొందరు చరిత్రకారులు రాస్తారు. అర్థం కాకపోతే ఈ తలుపు ఎలా పెట్టారు? ఇటుకలతో సహా అర్థమైంది.

బంగళా వెనకాల ఇంకా కొన్ని ఉండేవి. విడిగా వంటిల్లు, గుర్రాల సాల, నౌకర్ల వరస గదులు. ఎక్కడైనా పాత బంగళా బాగుచేసినప్పుడు మొట్టమొదట కూల్చేసేది వీటినే. పార్కింగుకి చోటు కావాలి గదా. వరండా స్తంభాలకి మాత్రం నగిషీ పెడతారు. దొడ్డితలుపుని ఇటుకలతో మూసేసి పైన సున్నం కొడతారు. ఇలా ఒక్క అబద్ధం రాయకుండానే చరిత్రని మార్చొచ్చు.

ఉత్తరాంధ్ర పట్నాల్లో ఆ తలుపు లోంచి వచ్చి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది రెల్లివాళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల్లో పాకీపని, గడ్డి అమ్మటం, పళ్ళు అమ్మటం వాళ్ళ బతుకు. ఒడియాకి దగ్గరైన సొంత మాట ఒకటుంది వాళ్ళకి. మునిసిపాలిటీలు వచ్చాక అదే పనికి ఖాకీ బట్ట తొడిగారు. పాకీపని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. చట్టం ఇరవై ఏళ్ళలో రెండుసార్లు చెయ్యాల్సి వచ్చిందంటేనే మొదటిది ఎంత అమలైందో తెలుస్తుంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ వర్గీకరణ జరిగి రెల్లి, దాని ఉపకులాలు మొదటి గ్రూపుగా 1 శాతం వాటాతో వచ్చాయి. వర్గీకరణ మీద మనలో ఎన్ని వాదాలున్నా, రెల్లివాళ్ళ చరిత్ర మాలమాదిగ చరిత్రల పక్కన అధోజ్ఞాపికలా మిగిలిపోయిందన్నది ఒప్పుకోవాల్సిన మాట. దళిత చరిత్ర రాసే మనం కూడా వాళ్ళకి దొడ్డితలుపే చూపించాం.

డచ్చివాళ్ళు ఏం కొన్నారు?

బంగళా పేరులోనే డచ్చివాళ్ళున్నారు. ఏ సంవత్సరం కట్టారు, ఎవరు కట్టారు అన్న వాదులాట ఇష్టమున్నవాళ్ళు చేసుకోనీ. మన లెక్క వేరు. ఆ పేరు ఏ వ్యాపారాన్ని గుర్తుచేస్తుంది?

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. కొద్ది ఏళ్ళలోనే మచిలీపట్నం, పులికాట్ రేవుల్లో దుకాణం పెట్టింది. ఈ ఉత్తర తీరంలో వాళ్ళ ఠాణా భీమునిపట్నం. 1754లో మరాఠాలు దాన్ని దోచుకున్నారు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు రెండు మూడుసార్లు లాక్కుని, చివరికి 1824 ఒప్పందం ప్రకారం 1825లో సొంతం చేసుకున్నారు. భీమిలిలో డచ్చివాళ్ళ గోరీలు ఇప్పటికీ ఉన్నాయి. సముద్రం గాలికి అరిగిపోయినా, మీద చెక్కిన పేర్లు కొన్ని చదవటానికి వస్తాయి. మూడు వందల ఏళ్ళ కిందట చచ్చిపోయిన గుమాస్తాకి కూడా పేరుంది.

వాళ్ళు మన తీరానికి వచ్చింది బట్ట కోసం. మలక్కా అవతలి దీవుల్లో లవంగాలు, జాజికాయ అమ్మేవాళ్ళు వెండి కంటే మన నేత బట్టకే మొగ్గుచూపేవాళ్ళు. అందుకని ఇక్కడ బట్ట కొని అక్కడ సరుకు కొని ఐరోపాలో అమ్మారు. చికాకోలు మస్లిన్లకి పెద్ద పేరు. ఇవాళ ఆ పేరులో మిగిలిన తునక పొందూరు ఖాదీ. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, సన్నని దారం తీసే ఆ పనితనం గురించి ఎన్నో వ్యాసాలొచ్చాయి, రావాలి కూడా. కాని సన్నబట్ట చరిత్రే బట్ట చరిత్ర కాదు. ముతకబట్ట ఎవరు నేశారు? తెలుగునాట చాలాచోట్ల మాలలు నేశారు. 1909లో వచ్చిన థర్‌స్టన్ కులాల గ్రంథం మాలల వృత్తుల్లో నేతను చెప్తుంది. మగ్గం ఉన్న మాలవాడ అన్న సంగతి ఇవాళ మన పిల్లలకే తెలీదు. మాల అంటే పొలంలో కూలి అనే అనుకుంటున్నారు. మిల్లుబట్ట వచ్చి ముతక నేతను చంపాక మగ్గం పోయిన మనిషికి నాగలి మిగిలింది, అదీ ఇంకొకరి నాగలి. మన చేతిలోంచి పోయిన పనిని మనం ఎప్పుడూ చెయ్యలేదన్నట్టే చరిత్ర రాస్తే, మనం పుట్టుకతోనే కూలీలం అని ఒప్పుకున్నట్టే.

చోళమండల తీరపు ముతకబట్ట ఇంకో ఘోరమైన పనికీ వాడారు. గినీ బట్ట అని దానికి పేరు. గినీ అంటే పశ్చిమాఫ్రికా. అక్కడ మనుషుల్ని కొనటానికి ఈ బట్ట చెల్లించేవాళ్ళు. ఇక్కడ అంటరానివాడు నేసిన తాను అక్కడ నల్లమనిషి ధర అయింది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలీదు.

మనుషుల్ని ఇక్కడ కూడా కొన్నారు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండదు. 17వ శతాబ్దిలో చోళమండల తీరం నుంచి డచ్చివాళ్ళు బానిసల్ని ఓడల్లో బటావియాకీ, సింహళానికీ, ఆఫ్రికా కొననున్న కేప్‌కీ తీసుకెళ్ళారు. మార్కస్ వింక్ అనే చరిత్రకారుడు కంపెనీ కాగితాలు తిరగేసి 2003లో దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. ఆయన చూపించిన సంగతి ఏమిటంటే, ఈ వ్యాపారం ఎప్పుడూ ఒకే తీరుగా నడవలేదు. కరువొచ్చినప్పుడు, దండయాత్ర జరిగినప్పుడు ఉబ్బింది, పంటలు పండినప్పుడు తగ్గింది. 1659–61 మధ్య తంజావూరు సీమ దండయాత్రతో, ఆకలితో అల్లాడినప్పుడు నాగపట్నం వైపు నుంచి వేలమంది పోయారు. పెద్ద ఎత్తున మనుషులు పోయింది తమిళ తీరం, పులికాట్ వైపు నుంచే. అయినా కంపెనీ ఒకటే, తీరం ఒకటే, పద్ధతీ ఒకటే. కరువులో తమని తాము, పిల్లల్ని అమ్ముకునే స్థితి ముందెవరికి వస్తుంది? గాదె ఉన్నవాడికి రాదు. భూమి ఉన్నవాడికి ఆఖరున వస్తుంది. ఇంగ్లీషు కంపెనీ ఏమీ తక్కువ తినలేదు. మనుషుల ఎగుమతిని నిషేధిస్తూ కారన్‌వాలీసు ప్రకటన చేసింది 1789లోగాని కాదు. బానిసత్వాన్ని చట్టం గుర్తించకుండా చేసింది 1843లో.

కలెక్టరు కచేరీ, కంబారి

చికాకోలు సర్కారును 1753లో నిజాం ఫ్రెంచివాళ్ళకి ఇచ్చాడు. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో ఇంగ్లీషువాళ్ళు అందుకున్నారు, 1766లో నిజాంతో ఒప్పందం రాయించుకున్నారు. ఈ చేతులు మారటం గురించి మన చరిత్ర పుస్తకాలు పేజీలకి పేజీలు రాస్తాయి. చేతులెన్ని మారినా కింద దున్నినవాడు మారలేదు. అసలు మార్పు 1802లో వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో శాశ్వత పైసలా పెట్టి జమీందార్లకి భూమిని రాసిచ్చారు. చికాకోలు హవేలీ భూముల్ని ముఠాలుగా కోసి వేలం వేశారు. వేలం పాడగలిగినవాళ్ళు ఎవరో చెప్పటానికి పరిశోధన అక్కర్లేదు. పాడినవాళ్ళకి భూమితోపాటు భూమి మీది మనుషులు కూడా వచ్చారు. కాగితం మీద కాదు, అలవాటు మీద.

మన ప్రాంతంలో పాలేరుని కంబారి అంటారు. ఏడాది కింద గింజలు మాట్లాడుకుని, ముందు అప్పు తీసుకుని, ఆ అప్పు తీరక, కొడుకుని కూడా అదే కళ్ళంలో దింపటం కంబారితనం. చట్టంలో దీన్ని బానిసత్వం అనలేదు కాబట్టి 1843 చట్టం దీన్ని తాకలేదు. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976లో వచ్చింది. ఈ రెండు చట్టాల మధ్య 133 ఏళ్ళు. ఆ 133 ఏళ్ళలో ఈ జిల్లా మీద పెద్ద పెద్ద గ్రంథాలొచ్చాయి. 1869లో కార్మైకేల్ విశాఖపట్నం మాన్యువల్, 1882లో మాల్ట్‌బీ గంజాం మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ గెజిటీరు. శిస్తులు, వానలు, జమీందార్ల వంశావళి అన్నీ వివరంగా ఉంటాయి. మనవాళ్ళు కులాల పట్టికలో, నేరాల అధ్యాయంలో కనపడతారు. పంట పండించే అధ్యాయంలో కనపడరు. మన జిల్లా చరిత్ర అని ఇవాళ తెలుగులో వచ్చే పుస్తకాల్లో చాలావాటికి తల్లివేరు ఈ మూడు పుస్తకాలే. దొర రాసిందాన్ని తెలుగు చేసి, మధ్యలో ఒక శ్లోకం చేర్చి, స్థానిక చరిత్ర అంటున్నారు.

1790–92లో ఉత్తర సర్కారుల్లో మహా కరువు. 1866లో ఒరిస్సా కరువు గంజాంని కూడా తిన్నది. కరువు తర్వాత కరువు జనాన్ని రేవుల వైపు నెట్టింది. అప్పటికి బానిస వ్యాపారం నేరమైంది, కనక కూలి ఒప్పందం అన్నారు. 1834 నుంచి మారిషస్‌కి, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి, 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి. వీటన్నిటికంటే మన జిల్లాకి పెద్దది రంగం, అంటే రంగూను. ఈ జిల్లాలో పల్లెపల్లెనా రంగం పోయొచ్చినవాళ్ళ ఇళ్ళుండేవి. రేవులో మూటలు, మిల్లులో బియ్యం, వీధిలో పాకీపని, మూడూ తెలుగువాళ్ళే చేశారు. 1930 మేలో రేవు పని దగ్గర మొదలైన గొడవల్లో బర్మావాళ్ళ చేతుల్లో చచ్చిపోయినవాళ్ళు ఎక్కువగా ఈ తెలుగు కళాసీలే. 1942లో జపానువాళ్ళు వస్తుంటే కొండలు అడవులు దాటి కాళ్ళీడ్చుకుంటూ వచ్చినవాళ్ళూ వీళ్ళే. తిరిగొచ్చినవాళ్ళలో కొందరు మేడలు కట్టారు. మనవాళ్ళలో ఎక్కువమంది తెచ్చుకున్నది జ్వరం. అయితే ఇంకొకటి కూడా తెచ్చుకున్నారు. సముద్రం అవతల మొగదల కామందు లేడన్న అనుభవం. తువ్వాలు నడుముకి కాకుండా భుజాన వేసుకుని ఊరి వీధిలో నడవటం, చెప్పులు తియ్యకపోవటం, చేతిలో నాలుగు డబ్బులుంటే ఎకరం చెక్క బేరం చెయ్యటం, ఇవన్నీ ఆ అనుభవంలోంచి వచ్చిన పనులే. వలస అంటే ఏడుపు ఒక్కటే కాదు. వెలినుంచి తప్పించుకునే దారి కూడా. దీని మీద పని చెయ్యాల్సిన అవసరం ఎంతో ఉంది.

కేప్‌టౌన్‌లో ఏం చేశారు?

పాడుపడ్డ కంపెనీ కట్టడాన్ని ఏం చెయ్యొచ్చో చూడటానికి మనకి మంచి ఉదాహరణ దక్షిణాఫ్రికాలో ఉంది. కేప్‌టౌన్‌లో డచ్చి కంపెనీ 1679లో ఒక పెద్ద కొట్టం కట్టింది. కంపెనీ సొంత బానిసల్ని అందులో కుక్కేవాళ్ళు. చోళమండలం నుంచి, మలబారు నుంచి, బెంగాల్ నుంచి, మడగాస్కర్ నుంచి తెచ్చిన వాళ్ళు అక్కడ ఉన్నారు. 1811 తర్వాత దాన్ని మార్చి ప్రభుత్వ కార్యాలయాలు పెట్టారు, సుప్రీం కోర్టు పెట్టారు. 1966లో తెల్లజాతి ప్రభుత్వం అందులో సాంస్కృతిక చరిత్ర మ్యూజియం తెరిచింది. లోపల ఏం పెట్టిందీ? వెండి పాత్రలు, పింగాణీ, కుర్చీలు. బానిసల కొట్టంలో దొరల కుర్చీలు! జాతివివక్ష పాలన పోయాక 1998లో ఆ భవనానికి బానిసల కొట్టం అన్న అర్థం వచ్చే స్లేవ్ లాడ్జ్ అనే పేరు పెట్టారు. లోపల చెప్పే కథ కూడా మార్చారు. గోడలు మారలేదు, ఆ గోడల మధ్య ఎవరున్నారో చెప్పారు. కేప్ రికార్డుల్లో బానిసల పేర్లు ఇంటిపేరు లేకుండా పుట్టిన చోటుతో ఉంటాయి. ఫలానా ‘బెంగాల్ నుంచి’, ఫలానా ‘తీరం నుంచి’. ఆ తీరం మన చోళమండల తీరమే. 2022 డిసెంబరులో నెదర్లాండ్స్ ప్రధాని, 2023 జులైలో అక్కడి రాజు బానిస వ్యాపారానికి క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణ సురినాంకి వినపడింది, కేప్‌కి వినపడింది. మన తీరంలో దాని ప్రస్తావనే రాలేదు. రాదు మరి, మనల్ని అమ్మారని మనకే తెలీకపోతే.

మారిషస్‌లో కూడా ఇలాంటిదే జరిగింది. పోర్ట్‌లూయీలో కూలీల్ని దింపే రేవు కట్టడం 1849లో మొదలైంది. చాలాభాగం పాడైపోయాక, మిగిలిన ముక్కని జాతీయ చిహ్నం చేసి, 2006లో యునెస్కో జాబితాలో చేర్పించారు. పేరు మాత్రం కూలీ ఘాట్ నుంచి 1987లో ఆప్రవాసీ ఘాట్‌కి మార్చారు. కూలీ అనటానికి సిగ్గు. నాకైతే పాత పేరే బాగుండేది.

మన దగ్గర ఇలాంటిది అడిగితే కులాన్ని మ్యూజియంలోకి కూడా తెస్తారా అంటారు. కులం లేని గది ఒకటి చూపించండి ముందు. శాలిహుండం సంగతి చూడండి. 1919లో గిడుగు రామమూర్తి వెలుగులోకి తెచ్చిన ఆ బౌద్ధ కొండని అంబేడ్కర్‌వాదులు తమదని చెప్పుకుంటున్నారు, న్యాయమే. కాని వేల ఏళ్ళ కిందటి బుద్ధుణ్ణి తమవాడు అనుకోవటం తేలిక. నూటయాభై ఏళ్ళ కిందటి ముత్తాత కంబారి అని చెప్పుకోవటం కష్టం. మనలో చదువుకున్నవాళ్ళకి ఆ కష్టం ఉంది. మ్యూజియం అధికారుల కంటే ముందు మనం దాటాల్సిన గడప అది.

చరిత్ర ఏ సంవత్సరం దగ్గర ఆపాలన్నది ఇంకో తగువు. సామాన్యంగా ఇలాంటి మ్యూజియాలు 1947 దగ్గర జెండా ఎగరేసి తలుపులు మూసేస్తాయి. ఈ జిల్లా పుట్టిందే 1950 ఆగస్టు 15న. జమీందారీలు రద్దయింది 1948 చట్టంతో. రద్దయిన భూమి ఎవరికి పోయింది? 1892 నుంచి మద్రాసు ప్రభుత్వం అణగారిన కులాలకి భూములివ్వాలని ఉత్తర్వులిస్తూ వచ్చింది, 1922లో ఆది ఆంధ్రులన్న పేరుని ఒప్పుకుంది. ఆ దరఖాస్తుల కట్టలు, తిరస్కరించిన కారణాలు రెవెన్యూ కాగితాల్లోనే ఉంటాయి. అక్కణ్ణుంచి 2012 జూన్ 12 దాకా ఒకటే దారి. ఆ రోజు వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. మడ్డువలస ప్రాజెక్టు కోసం ప్రభుత్వం తీసుకుని, నీళ్ళలో మునగకుండా మిగిలిన భూమిని వాళ్ళు సాగుచేసుకోవటమే వాళ్ళ నేరం. భూమి పోయినవాళ్ళకి పరిహారం ముట్టింది, మిగులు భూమి సర్కారుది. అయినా మాలలు దున్నటం ఊరిపెద్దలకి ఓర్వలేనిదైంది. 1802 వేలం పాట కాగితం పక్కన లక్ష్మీపేట పటం పెట్టకుండా శ్రీకాకుళం భూమి చరిత్ర చెప్పటం కుదరదు. అప్పుడు వంగర శ్రీకాకుళం జిల్లాలో ఉంది, 2022లో విజయనగరంలోకి పోయింది కాబట్టి మాకు సంబంధం లేదని ఎవరైనా అనొచ్చు. అనే తెలివైనవాళ్ళున్నారు.

అడగాల్సినవి కొన్ని రాతపూర్వకంగా ఇవ్వాలనుకుంటున్నాం. బంగళా వెనకాల నౌకర్ల గదుల ఆనవాళ్ళు ఏమున్నా కూల్చకూడదు. దొడ్డితలుపు ఎక్కడెక్కడ ఉందో చూసి అలాగే ఉంచి, అది ఎవరి దారో తెలుగులో రాయాలి. మరమ్మతు పేరుతో చుట్టుపక్కల పాకలు వేసుకున్నవాళ్ళని, తోపుడుబండ్లవాళ్ళని ఇంకో చోటు చూపించకుండా లేపకూడదు. మ్యూజియంలో ఏం పెట్టాలో తేల్చే కమిటీలో విశ్రాంత అధికారులు, కవులు మాత్రమే ఉంటే చాలదు. రెల్లి, మాల, మాదిగ, పైడి కులాల చదువుకున్న పిల్లలుండాలి, మునిసిపల్ కార్మికుల తరఫున ఒకరుండాలి. ప్రవేశ రుసుం పెడితే ఆ పిల్లలకి ఉచితం చెయ్యాలి.

ఇక మన వంతు పని. ఈ పట్నం కాగితాలు ఒకచోట లేవు. 1936 దాకా చికాకోలు గంజాం జిల్లాలోది, తర్వాత విశాఖపట్నంలోది, 1950 నుంచి సొంత జిల్లా. అందుచేత కొన్ని కాగితాలు చెన్నై ఎగ్మోరులో, కొన్ని హైదరాబాదులో, కొన్ని ఒడిశా వైపు వెతకాలి. డచ్చి కంపెనీవి హేగ్ నగరంలో ఉన్నాయి, అవి చదవటానికి పాత డచ్చి భాష నేర్చుకునే మనిషి మనలోంచి రావాలి. అంతదాకా ఆగనక్కర లేని పని ఒకటుంది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా నేటాల్‌కి 1,52,184 మంది కూలీలు పోయారు. ప్రతి ఓడకీ జాబితా ఉంది. అందులో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసి ఉన్నాయి. గంజాం, విశాఖపట్నం అని రాసిన వరసలు వేరుచేసి, కులం గడిలో మాల, మాదిగ, రెల్లి, పైడి అని ఉన్న పేర్లన్నీ తెలుగులోకి ఎత్తి రాయాలి. దొర గుమాస్తా చెవికి తోచినట్టు రాసిన ఊళ్ళపేర్లు గుర్తుపట్టటానికి ఇక్కడి మనుషులే కావాలి, ఏ విశ్వవిద్యాలయం వాళ్ళకీ అది చేతకాదు. ఆమదాలవలస, పొందూరు, టెక్కలి, నరసన్నపేట వైపు విద్యార్థులు తలా ఒక ఓడ తీసుకోవచ్చు. జనవరి సెలవుల్లో కూర్చుంటే మొదటి పది ఓడలు అవుతాయి.